రంగస్థలమున నిర్మలత్వము ఏది?

డిసెంబరు మాసము సమీపించినప్పుడు తెలుగు సంఘములలో ప్రతి సంవత్సరము ఒకే సందడి ఆరంభమగును. సండే స్కూలు గదిలోని బల్లలు గోడవైపునకు జరుపబడును. తల్లుల పెట్టెలలోని పట్టుచీరలు తెరలగును; తువ్వాళ్లు గొల్లవారి తలపాగాలగును; అట్టముక్కలకు బంగారు కాగితము అంటింపబడి జ్ఞానుల కిరీటములగును. ఆరాధనలో వాక్యము చదువుటకు సిగ్గుపడు బాలుడు హేరోదు వేషమున నిర్భయముగా గర్జించును. ఆ రాత్రి వృద్ధులు, చంటిబిడ్డల తల్లులు, పనినుండి తిన్నగా వచ్చిన కూలివారు, ఇతర మతములకు చెందిన ఇరుగుపొరుగువారు ఒకే పట్టామీద కూర్చుండి చూతురు.

కొన్ని దేశములలో, విశేషముగా అమెరికాలో, ఈ క్రిస్మస్ వాడుక సంవత్సరము పొడుగునను సాగు పరిచర్యగా పెరిగినది. విశ్వాసుల కుటుంబములు కొన్ని కూడి నాటక సమాజముగా ఏర్పడును. తండ్రి దీపములు అమర్చును, తల్లి దుస్తులు కుట్టును, పిల్లలు వేషములు వేయుదురు. ఎవరికిని జీతము ఉండదు. రాబోవు సంవత్సరములో ఏయే నాటకములు ఆడబోవుచున్నారో ముందుగానే పట్టిక వేసి ప్రకటింతురు. ఆ ప్రకటనలో ఒక వాగ్దానము తప్పక కనబడును: ఇవి కుటుంబ సమేతముగా చూడదగిన నాటకములు.

ఈ వాగ్దానము చదివిన తల్లిదండ్రులకు ధైర్యము కలుగును. అది న్యాయమే. కాని ఆ మాటకు సరియైన అర్థమేమి? కుటుంబమంతయు కలసి చూడదగినదనగా చెడుగు ఏ మాత్రమును కనబడనిదని అర్థమా? అట్లయిన పరిశుద్ధ గ్రంథములో ఎన్ని అధ్యాయములు ఆ రంగస్థలముమీద నిలువగలవు? ఈ ప్రశ్న నాటక సమాజములకు మాత్రమే సంబంధించినది కాదు. పిల్లలకు ఏమి చూపవలెను, ఏమి దాచవలెను అని ప్రతి క్రైస్తవ గృహమును అడుగు ప్రశ్న ఇదియే.

ఒక సంఘములోని యౌవనస్థులు రాబోవు సంవత్సరపు నాటకములను ఏర్పరచుకొనుటకు కూడిరని ఊహింపవచ్చును. ఒకరు దావీదు చరిత్ర ఆడుదమందురు. గొల్యాతు వరకు అందరికిని సమ్మతమే. బత్షెబ సంగతి వచ్చునప్పటికి ఒక పెద్ద లేచి, పసిపిల్లలు చూచుచుండగా అది ఎట్లు తగునని అడుగును. మరియొకరు అది విడిచిపెట్టి మిగిలినది ఆడుదమందురు. ఇంకొకరు అసలు నాటకమే వలదు, వాక్యము ప్రకటించుట చాలునందురు. ఈ ముగ్గురిలో ఎవరును మూర్ఖులు కారు. ముగ్గురి పక్షమునను సంఘచరిత్ర కొంత సాక్ష్యమిచ్చుచున్నది.

నాటకమే వలదనువాని వెనుక కార్తేజి నివాసియైన తెర్తుల్లియను నిలిచియున్నాడు. సుమారు క్రీ.శ. 200 ప్రాంతమున అతడు ప్రదర్శనలను ఖండించుచు ఒక గ్రంథమునే వ్రాసెను. అందుకు కారణము లేకపోలేదు. ఆనాటి రోమా ప్రదర్శనలు విగ్రహపూజతో ముడిపడియుండెను. క్రీడారంగములో మనుష్యుల రక్తము వినోదముగా చిందింపబడెను. యౌవనమున నాటకములనిన చెవికోసికొనిన అగస్టీను, తరువాత తన ఒప్పుకోలులలో వాటిని తలంచుకొని, కల్పితమైన దుఃఖమునకు కన్నీరు కార్చుచు తన ఆత్మయొక్క నిజమైన దుఃస్థితికి ఏడువని తన్ను తాను నిందించుకొనెను. ఇంగ్లాండులో ప్యూరిటనుల ప్రాబల్యము గల పార్లమెంటు 1642లో నాటకశాలలను మూయించెను.

అయినను ప్రొటెస్టెంటు సంఘముల స్వరము ఎల్లప్పుడును ఇదియే కాదు. మార్టిన్ లూథరు యూదితు, తోబీతు గ్రంథములకు వ్రాసిన పీఠికలలో, అవి పూర్వము యూదులు ఆడిన నాటకములై యుండవచ్చునని తలంచి, దానిని దోషముగా గాక మేలుగానే ఎంచెను. 1546లో జెనీవా నగరమున అపొస్తలుల కార్యముల నాటకము ఆడదలచినప్పుడు ఒక బోధకుడు ప్రసంగపీఠమునుండి దానిని తీవ్రముగా ఖండించగా పట్టణము కలవరపడెను. కాల్విను ఆ కలహమును శాంతింపజేసెను, నాటకము జరిగెను. కాల్విను తరువాత జెనీవా సంఘమును నడిపిన థియొడోరు బేజా 1550లో అబ్రాహాము బలియాగమును నాటకముగా రచించెను. కాబట్టి సంస్కరణోద్యమ పితరులు నాటకమును కన్నులు మూసికొని స్వీకరింపలేదు, కన్నులు మూసికొని త్రోసివేయనులేదు.

వాక్యమే ఈ సంగతిలో మార్గము చూపుచున్నది. ప్రవక్తలు నోటితో మాత్రమే ప్రవచింపలేదు. యిర్మీయా మెడమీద కాడి పెట్టుకొని వీధిలో నడిచెను. పెద్దల యెదుట మంటికూజాను పగులగొట్టెను. యెహెజ్కేలు ఒక ఇటుకమీద యెరూషలేము పటము గీసి, దానికి ముట్టడివేసి, యెడమ ప్రక్కమీద 390 దినములు, కుడి ప్రక్కమీద 40 దినములు పండుకొనవలెనని ఆజ్ఞ పొందెను. అగబు పౌలు నడికట్టుతో తన చేతులు కాళ్లు కట్టుకొని రాబోవు బంధకములను చూపెను. పస్కా రాత్రి భోజనము సహితము, పిల్లలు చూచి దీని అర్థమేమని అడుగునట్లుగా నియమింపబడినది. చెవికి మాత్రమే చెప్పిన మాట మరచిపోవు నరుని స్వభావమును దేవుడు ఎరుగును. కన్నులు చూచినది హృదయములో వేరు పారును.

బాల్యమున చూచిన నాటకము ఎంత లోతుగా నాటుకొనునో తెలిసికొనుటకు గాంధీగారి ఆత్మకథ చాలును. చిన్నతనమున ఆయన హరిశ్చంద్ర నాటకము చూచెను. అది ఆయనను విడువలేదు. దానిని తన మనస్సులో లెక్కలేనన్ని మారులు తానే ఆడుకొనెను. అందరును హరిశ్చంద్రునివలె సత్యవంతులు ఎందుకు కారాదని తన్ను తాను ప్రశ్నించుకొనెను. ఆ నాటకములో కాటికాపరితనము కలదు, భార్యను అమ్ముకొనుట కలదు, బిడ్డ శవము కలదు. ఇవి లేకుండిన యెడల అది ఆ బాలుని అంతగా పట్టియుండెడిదా? సత్యమునకు వెల యెంతో చూపినందువలననే సత్యము అతనికి ప్రియమైనది.

ఇక దావీదు పాపమును విడిచిపెట్టి మిగిలినది ఆడుదమను రెండవవాని మాటను పరిశీలింపవలెను. నాతాను ప్రవక్త చేసినదేమి? అతడు రాజు నగరునకు వెళ్లి ధర్మశాస్త్రమును వల్లించలేదు. ఒక ధనవంతుని, ఒక దరిద్రుని, ఆ దరిద్రుడు కుమార్తెవలె పెంచుకొనిన ఒక్క గొఱ్ఱెపిల్లను రాజు కన్నుల యెదుట నిలిపెను. దావీదు ప్రేక్షకునివలె వినెను, కోపగించెను, తీర్పు తీర్చెను. అప్పుడు కథలోని దోషి అతడేయని ప్రవక్త తేటగా చెప్పెను. పాపమును చూపుట అక్కడ పాపమును వ్యాపింపజేయలేదు. దాగియున్న పాపమును వెలికి దీసెను. ఆ ఘట్టమును తొలగించిన యెడల దావీదు పశ్చాత్తాపమునకు అర్థము లేదు. అతడు పొందిన క్షమాపణకును అర్థము లేదు. గొల్యాతును చంపిన వీరుడు మిగులును గాని కృప పొందిన పాపి మిగులడు.

అయితే నాతాను ఉపమానములో మరియొకటి గమనింపవలసియున్నది. అందులో పడకగది లేదు. మోహము రేపు వర్ణన ఒక్కటియు లేదు. బాధింపబడినవాని గుడిసెనుండియే ఆ కథ చూపబడినది. ఇదియే ఆ సంఘపెద్ద సందేహమునకు సరియైన సమాధానము. పాపము కనబడినదా లేదా అని అడుగుట చాలదు. అది ఎవరి కన్నులతో చూపబడినది, ఎంతసేపు చూపబడినది, ఎక్కడికి నడిపినది అని అడుగవలెను.

ప్రభువు చెప్పిన తప్పిపోయిన కుమారుని ఉపమానము ఈ కొలతకు ఉత్తమమైన మాదిరి. దూరదేశమున చిన్న కుమారుడు జీవించిన విధము ఆ కథలో ఒక్క మాటతో ముగిసినది. అది దాచబడలేదు, అయినను దానిమీద కథ నిలిచియుండలేదు. ఆకలికిని, పందుల పొట్టునకును కొంత ఎక్కువ స్థలము దొరికినది. తండ్రి పరుగునకు, కౌగిలింతకు, వస్త్రమునకు, ఉంగరమునకు, విందునకు విశాలమైన చోటు దొరికినది. నేటి వినోద ప్రదర్శనలలో అనేకము ఈ కొలతను తలక్రిందులు చేయును. దూరదేశమునకు రెండు గంటలు, తండ్రి యింటికి రెండు నిమిషములు ఇచ్చి, చివర ఒక నీతివాక్యము తగిలించి, ఇది మంచి కథయని చెప్పుకొనును. అట్టిది క్రైస్తవ వేదికకు తగదు.

దీనికి వ్యతిరేకమైన లోపము క్రైస్తవ వేదికలకే సహజమైనది. అది అన్నిటిని తియ్యగా ముగించుట. ఆ ఉపమానము అట్లు ముగియలేదు. పెద్ద కుమారుడు లోపలికి వెళ్లెనో లేదో ప్రభువు చెప్పలేదు. తండ్రి వాకిట నిలిచి బతిమాలుచుండగానే కథ ముగిసినది. తీర్మానము వినువారిదే. ప్రతి నాటకములో ప్రతి తాగుబోతు రెండవ అంకమున మారుమనస్సు పొందుచు, ప్రతి రోగి ప్రార్థనచేత మంచమునుండి లేచుచున్న యెడల, ముందు వరుసలో కూర్చున్న ఒక బాలిక ఏమనుకొనును? ఆమె తండ్రి ఆ రాత్రియు తాగియే వచ్చును. ఆమె తల్లి జ్వరము తగ్గలేదు. ఆ వేదికమీద కనబడిన ఇండ్లలో తన ఇల్లు లేదని, దేవుడు వచ్చు ఇండ్లు వేరే యున్నవని ఆ పసిహృదయము తీర్మానించుకొనును. ఒక అశ్లీలమైన మాటయైనను లేని నాటకము ఒక చిన్నదానిని అభ్యంతరపరచుట సాధ్యమే. చిన్నవారికి అడ్డము కలిగించువానిని గూర్చి ప్రభువు పలికిన కఠినమైన హెచ్చరిక దుష్టులైన కవులకు మాత్రమే కాదు, తీపి మాత్రమే పంచు భక్తులకును వర్తించును.

నిర్మలత్వమునకు సంబంధించి ఇంకను లోతైన పాఠమును జర్మనీ దేశపు ఒబెరమ్మెర్‌గౌ గ్రామము నేర్పుచున్నది. 1633లో తెగులు వ్యాపించినప్పుడు ఆ గ్రామస్థులు, దేవుడు తమ్మును కాపాడిన యెడల పది సంవత్సరముల కొకసారి ప్రభువు శ్రమలను నాటకముగా ఆడుదుమని మ్రొక్కుకొనిరి. 1634లో మొదటిసారి ఆడిరి. కొన్ని అంతరాయములు తప్ప ఆ మ్రొక్కుబడిని నేటివరకు చెల్లించుచున్నారు. 2020లో జరుగవలసిన ప్రదర్శనము కరోనా వ్యాధివలన 2022లో జరిగెను. వేషధారులు ఆ గ్రామస్థులే: వడ్రంగి పిలాతగును, బడిపంతులు పేతురగును. వృద్ధులును పిల్లలును కలసి ఆడుదురు. కుటుంబమంతయు ఆడు, కుటుంబమంతయు చూచు నాటకమునకు ఇంతకంటె గొప్ప ఉదాహరణము దొరకదు.

అయినను ఆ భక్తిగల నాటకములో ఒక విషము దాగియుండెను. అందులో యూదుల ప్రజయంతయు క్రూరులుగా, ధనాశపరులుగా, ప్రభువు హంతకులుగా చూపబడెను. 1934లో మ్రొక్కుబడికి మున్నూరు సంవత్సరములు నిండినందున జరిగిన ప్రత్యేక ప్రదర్శనమును హిట్లరు వచ్చి చూచెను. అది అతని మనస్సునకు ఇంపుగా నుండెను. అందు బూతు లేదు, అసభ్యమైన వేషము లేదు. ఏ తల్లియు తన బిడ్డల కన్నులు మూయవలసిన దృశ్యము లేదు. పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము మాత్రము ఉండెను. యుద్ధానంతరము యూదు సంఘములు దీనిని ఎత్తి చూపగా చాలకాలము వివాదము జరిగెను. 1990 నుండి ఆ నాటకమునకు దర్శకుడైన క్రిస్టియన్ స్టూక్ల్ కాలమున పాఠము మరల మరల సవరింపబడెను. యేసు యూదుడనియు, ఆయన శిష్యులును ఆయన కొరకు ఏడ్చినవారును యూదులేయనియు స్పష్టముగా చూపబడెను. పూర్వము వివాహిత స్త్రీలకును, 35 సంవత్సరములు దాటిన స్త్రీలకును ఆ వేదికమీద పాత్ర ఉండెడిది కాదు. వారు న్యాయస్థానమునకు వెళ్లి 1990లో ఆ హక్కు సంపాదించుకొనిరి.

కనుక నాటకమును పరీక్షించువారు ఏడవ ఆజ్ఞను మాత్రమే చేతపట్టుకొనుట చాలదు. తొమ్మిదవ ఆజ్ఞయు కావలెను. ఈ మాట తెలుగు సంఘములకును దూరమైనది కాదు. క్రిస్మస్ నాటకములో మరియ వేషమునకును దూతల వేషములకును తెల్లని పిల్లలను, సాతాను వేషమునకు నల్లని పిల్లవానిని ఏర్పరచు అలవాటు ఎక్కడనైన నున్న యెడల, అక్కడ ఎవరును నోటితో పలుకని ఒక ప్రసంగము జరుగుచున్నది. సంపన్నుల బిడ్డకు రాజ్ఞి వేషమును, పేదవాని బిడ్డకు దాసి వేషమును నియమించుటయు అట్టిదే. హాస్యము పుట్టించుటకు ఒక కులపు మాటతీరును, ఒక అంగవైకల్యమును వాడుకొనుటయు అట్టిదే. ప్రేక్షకులు నవ్వుదురు, నవ్వబడినవాడు తల వంచుకొని ఇంటికి వెళ్లును. కుటుంబ సమేతముగా చూడదగినదను మాటలో ఆ కుటుంబము కూడ చేరవలసియుండెను గదా!

తెలుగు నాటకరంగము ఈ విషయమున సంఘమునకు నేర్పదగినది కొంత కలదు. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామమున పుట్టిన నాటక సమాజము కుటుంబములు కుటుంబములుగా వేదికమీద జీవించెను. పురుషులే స్త్రీ వేషములు ధరించు కాలమున అక్కడ స్త్రీలే స్త్రీ పాత్రలు ధరించిరి. 1892లో మొదట ప్రదర్శింపబడిన గురజాడవారి కన్యాశుల్కము పసిపిల్లలను ముసలివారికి అమ్ము దురాచారమును నవ్వులతో బట్టబయలు చేసెను. లోకము దూషించు వేశ్య అందు వివేకమును దయయు గలదిగా కనబడును, గౌరవనీయులనబడువారు నగుబాటగుదురు. సుంకరులును వేశ్యలును ముందుగా దేవుని రాజ్యములో ప్రవేశింతురని ప్రధానయాజకులతో చెప్పిన ప్రభువు నెరిగినవారికి ఇది వింతగా తోచదు.

ఇక మిగిలినది వేషధారిని గూర్చిన ప్రశ్న. ప్రభువు పరిసయ్యులను వేషధారులని పిలిచినప్పుడు సువార్తికులు వాడిన గ్రీకు పదము నాటక పాత్రధారికి చెల్లునదే. మరి వేషము వేయుట అబద్ధమాడుట కాదా? కాదు. రంగస్థలముమీద హేరోదు వేషము వేసిన బాలుడు తాను హేరోదునని ఎవరిని మోసగింపడు. తెర ఎత్తినప్పుడే ఆ సంగతి ఇరుపక్షములకును తెలియును. వీధి మూలలయందు ప్రార్థించు పరిసయ్యునికి తెర లేదు. తాను ఆడుచున్నట్లు చూచువారికి తెలియదు. కొంతకాలమునకు తనకును తెలియదు. నాటకము ముగిసి ముఖమునకు పూసిన రంగు కడుగుకొనువాడు వేషధారి కాడు. ఆదివారము పూసిన రంగును సోమవారము కడుగుకొని, మరల ఆదివారము పూసికొనువాడే వేషధారి.

అయినను పాత్రధారికి అపాయము లేకపోలేదు. యూదా ఇస్కరియోతు వేషమునకు ఎవరును ముందుకు రారు. యేసు వేషమునకు పోటీ కలుగును. ఇదియే పరీక్షా సమయము. ప్రభువు పాత్ర ధరించి చప్పట్లు పొందినవాడు ఆ చప్పట్లను ఇంటికి తీసికొనిపోయిన యెడల, సిలువ మోసినట్లు కనబడియు మోయనివాడగును. యూదా వేషమును నమ్రతతో అంగీకరించి, ముప్పది వెండి నాణెములు తన చేతిలో గలగలలాడినప్పుడు ఒక్కసారి ఉలికిపడినవాడు ఎక్కువ నేర్చుకొనును. ఆ రాత్రి పండ్రెండుగురును, తామే ఆ ద్రోహియా అని ప్రభువును ఒకరి తరువాత ఒకరు అడిగిన సంగతి అతనికి అర్థమగును. మంచి క్రైస్తవ నాటకములో యూదా తక్కిన పదునొకండుగురికంటె భిన్నమైన ముఖము గలవాడుగా ఉండరాదు. అతడు ఒక స్నేహితునివలె కనబడవలెను. అప్పుడే ప్రేక్షకునికి భయము కలుగును. ఆ భయము మేలైనది.

కాబట్టి రాబోవు సంవత్సరపు నాటకములను ఏర్పరచుకొను యౌవనస్థులు తమ పట్టికను ఇట్లు పరీక్షించుకొనవచ్చును. ఇందులో సత్యము కలదా? పాపము పాపముగానే కనబడుచున్నదా, లేక అలంకారము ధరించినదా? బాధింపబడినవాని కన్నులు ఇందులో ఉన్నవా? తండ్రి యింటికి దారి కనబడుచున్నదా? ఆ దారి నడువవలసినదిగా చూపబడినదా, ఉచితముగా దొరకు ముగింపుగా చూపబడినదా? ఇందులో ఏ పొరుగువానికైనను అవమానము జరుగుచున్నదా? వేషములు పంచునప్పుడు న్యాయము జరిగినదా? ఈ ప్రశ్నలకు నిలిచిన నాటకము దావీదు చరిత్రయైనను, ఒక పల్లెటూరి కుటుంబపు కథయైనను, బుర్రకథగా చెప్పినను, వీధిలో ఆడినను, అది నిర్మలమైనదే. పసిబిడ్డల వయస్సునకు మించిన ఘట్టము ఉన్న యెడల దానిని ముందుగా తల్లిదండ్రులకు తెలుపుట మర్యాద. దాచుట వేరు, తగిన కాలము వరకు ఆగుట వేరు. ప్రభువు సహితము శిష్యులు అప్పటికి భరింపలేని సంగతులను తరువాతి కొరకు నిలిపియుంచెను.

లోకమున కనబడిన ప్రేమలన్నిటిలో అత్యంత నిర్మలమైనది, చూచువారు ముఖము త్రిప్పుకొనదగిన స్థలమందే కనబడినది. గొల్గొతాయొద్ద తల్లి యుండెను, స్నేహితుడుండెను, జూదమాడు సైనికులుండిరి, దారిన పోవుచు దూషించువారుండిరి. అది పిల్లలకు తగిన దృశ్యమని ఎవరును అనరు. అయినను సంఘము ఇరువది శతాబ్దములుగా తన పిల్లల చేయి పట్టుకొని ఆ కొండయొద్దకు నడిపించుచునే యున్నది. చెడుగు కనబడకుండ చేయుటచేత గాక, చెడుగును మోసినవానిని చూపుటచేత ఆ పిల్లలు కాపాడబడుదురు. ఆ ఒక్కని చూపగలిగిన వేదిక, పట్టుచీరల తెరలతోనైనను అట్టముక్కల కిరీటములతోనైనను కట్టబడినదైనను, దేవుని యెదుట పరిశుద్ధమైనదే.